గీజర్ మంట నిలవడం లేదా? మెకానిక్‌ను పిలిచే ముందు ఇవి చూసుకోండి

డోన్: చలికాలం వచ్చిందంటే గ్యాస్ గీజర్ ఉన్న ఇళ్లలో ఒకటే ఫిర్యాదు. ఫజర్‌కు ముందు వేడినీళ్ల కొళాయి తిప్పితే 'టక్ టక్' మంటుంది, మంట వస్తుంది, నాలుగు సెకన్లు తిరక్కుండానే ఆరిపోతుంది. మళ్లీ తిప్పితే మళ్లీ అదే. ఒక్కోసారి సగం స్నానం అయ్యాక ఆగిపోయి, ఒంటి మీద సబ్బుతో చల్లనీళ్లు పోసుకోవాల్సి వస్తుంది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే సాయంత్రం వస్తానంటాడు. ఈలోపు ఇంట్లో ఎవరో ఒకరు కవర్ ఊడదీసి చూడటం మొదలుపెడతారు.

చాలాసార్లు కారణం చిన్నదే. సెల్లులు అయిపోవడం, నీళ్ల ఒత్తిడి చాలకపోవడం, జాలీలో మట్టి చేరడం లాంటివి. కానీ కొన్నిసార్లు గీజర్ పాడై కాదు, గదిలో గాలి చాలక తనంతట తానే గ్యాస్ ఆపేస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలియకుండా 'ఎలాగోలా వెలిగితే చాలు' అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. 2023 మార్చిలో ఘాజియాబాద్‌లో హోలీ రంగులు కడుక్కోవడానికి బాత్‌రూమ్‌లోకి వెళ్లిన భార్యాభర్తలు అక్కడే చనిపోయారు. 2025 అక్టోబర్‌లో కర్ణాటకలోని మైసూరు జిల్లా పిరియాపట్నలో స్నానానికి వెళ్లిన అక్కాచెల్లెళ్లు ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా గ్యాస్ గీజర్ నుంచి వెలువడిన వాయువే కారణమని ప్రాథమికంగా భావించారు.

అందుకే గీజర్ మంట ఎందుకు ఆరిపోతుందో, ఇంట్లో మనం ఏం చూసుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో ఒక వరుసలో తెలుసుకుందాం.

లోపల ఏం జరుగుతుంది?

ఇప్పుడు మన ఊళ్లలో అమ్ముడవుతున్న గ్యాస్ గీజర్లలో ఎప్పుడూ వెలిగే చిన్న మంట ఉండదు. వేడినీళ్ల కొళాయి తిప్పగానే నీళ్లు లోపలికి పారి, ఒక రబ్బరు పొరను నెడతాయి. ఆ పొర ఒక చిన్న స్విచ్‌ను నొక్కుతుంది. అప్పుడు సెల్లుల కరెంటు అందుతుంది. ఒకవైపు 'టక్ టక్' అని నిప్పురవ్వ వస్తుంది, ఇంకోవైపు గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. మంట అంటుకుంటుంది.

అసలు కాపలా పని ఇక్కడే మొదలవుతుంది. బర్నర్ దగ్గర ఒక సన్నటి కడ్డీ మంటను తాకుతూ ఉంటుంది. మంట ఉన్నంతసేపు దాని గుండా అతి తక్కువ కరెంటు పారుతుంది. ఆ కరెంటు కనబడితే 'మంట ఉంది' అని లోపలి సర్క్యూట్ నమ్మి వాల్వ్‌ను తెరిచే ఉంచుతుంది. కొన్ని సెకన్లలో కనబడకపోతే వాల్వ్ మూసేస్తుంది. ఇది లేకపోతే, మంట ఆరిపోయినా గ్యాస్ వస్తూనే ఉండి గది నిండిపోతుంది.

అంటే మంట నిలవాలంటే నాలుగు సరిగ్గా ఉండాలి: నీళ్లు, సెల్లులు, గ్యాస్, గాలి. ఏది తప్పిందో గీజర్ చేసే శబ్దాన్ని బట్టి, మంట ఎంతసేపు వెలిగిందనే దాన్ని బట్టి చాలావరకు కనిపెట్టవచ్చు.

శబ్దమే రాకపోతే

కొళాయి తిప్పినా 'టక్ టక్' లేదంటే గ్యాస్‌తో సంబంధం లేదు. సెల్లులైనా అయిపోయి ఉండాలి, నీళ్ల ఒత్తిడైనా చాలక ఉండాలి.

ముందు సెల్లులు మార్చి చూడండి. గీజర్‌లో సాధారణంగా రెండు లావు సెల్లులు ఉంటాయి. ఒక్కోటి 1.5 వోల్టులు, రెండూ కలిపి 3 వోల్టులు. పాత సెల్లును తీసి టార్చిలో వేస్తే వెలిగింది కాబట్టి బాగానే ఉందనుకోకూడదు. గీజర్‌కు నిప్పురవ్వ పుట్టించాలి, వాల్వ్‌ను లాగి పట్టుకోవాలి. దానికి టార్చి కన్నా ఎక్కువ బలం కావాలి. రెండు సెల్లులూ ఒకేసారి, ఒకే రకానివి, కొత్తవి వేయాలి. సెల్లుల డబ్బాలో పచ్చగా, తెల్లగా తుప్పు పట్టి ఉంటే పొడి గుడ్డతో తుడవాలి.

సెల్లులు మార్చినా శబ్దం లేకపోతే నీళ్ల సంగతి చూడాలి. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే ఒత్తిడి అంత ఉంటుంది. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి లెక్క. ట్యాంకు స్లాబు మీదే ఉండి, బాత్‌రూమ్ సరిగ్గా దాని కిందే ఉంటే ఎత్తు రెండు మూడు మీటర్లే. అంటే 0.2 నుంచి 0.3 బార్. కొన్ని మోడళ్లకు అది బొటాబొటీగా సరిపోతుంది. ట్యాంకులో నీళ్లు సగానికి పడితే అదీ చాలదు. పొద్దున ఇంటిల్లిపాదీ ఒకేసారి కొళాయిలు తిప్పినా ఇదే పరిస్థితి.

మన ప్రాంతంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. డోన్, బేతంచెర్ల చుట్టూ ఉన్నది సున్నపురాయి నేల. అలాంటి నేలలో బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువ. వేడి తగిలిన చోటల్లా ఆ సున్నం తెల్లటి పొరగా పేరుకుంటుంది. టీ గిన్నె అడుగున కనబడే తెల్లటి చెక్కే గీజర్ రాగి పైపు లోపల కూడా పట్టుకుంటుంది. దారి సన్నబడి నీళ్లు తగ్గిపోతాయి. గీజర్‌లోకి నీళ్లు వచ్చే చోట ఉన్న చిన్న జాలీ ఇసుకతో మూసుకుపోయినా అంతే. నీళ్ల వాల్వ్ కట్టేసి, ఆ జాలీ విప్పి, పాత బ్రష్‌తో కడుక్కోవడం ఇంట్లో చేసుకోదగ్గ పనే. రాగి పైపు లోపలి చెక్కును మాత్రం నిమ్మ ఉప్పు నీళ్లతో మెకానిక్ చేత శుభ్రం చేయించుకోవాలి.

టక్ టక్ మంటుంది, మంట రాదు

సెల్లులు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, గ్యాస్ అందడం లేదని దీని అర్థం. సిలిండర్ ఖాళీ అయిందా, రెగ్యులేటర్ నాబ్ తిరిగి ఉందా, మధ్యలో ఉన్న వాల్వ్ మూసి ఉందా, ట్యూబు ఎక్కడైనా మడత పడిందా చూడాలి. కొత్త సిలిండర్ పెట్టిన వెంటనే అయితే పైపులో గాలి ఉంటుంది. రెండు మూడుసార్లు కొళాయి తిప్పి కట్టేస్తే అది పోయి గ్యాస్ వస్తుంది. ప్రతి ప్రయత్నానికీ మధ్య కాసేపు ఆగాలి. ఆగకుండా పదేపదే తిప్పితే, కాలని గ్యాస్ లోపల చేరి ఒక్కసారిగా 'భగ్' మని అంటుకుంటుంది.

కొందరు ఒత్తిడి చాలడం లేదని హోటళ్లలో వాడే, తిప్పితే ఒత్తిడి పెరిగే రెగ్యులేటర్ తెచ్చి పెడుతుంటారు. ఇది చాలా ప్రమాదం. ఇంటి రెగ్యులేటర్ ఇచ్చే తక్కువ ఒత్తిడికి తగ్గట్టే గీజర్ బర్నర్‌ను తయారుచేస్తారు. అంతకు మించి గ్యాస్ వస్తే మంట బయటికి ఎగదన్నుతుంది.

వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోతే

ఎక్కువ మందికి వచ్చే సమస్య ఇదే. మంట వచ్చింది కానీ, మంట ఉందన్న కబురు సర్క్యూట్‌కు అందలేదు. దీనికి మామూలుగా మూడు కారణాలు.

మొదటిది, మంటను కనిపెట్టే కడ్డీ మీద మసి, సున్నం పొర. లేదా కడ్డీ పక్కకు వంగి మంటకు తగలకపోవడం. రెండోది, సెల్లులు బలహీనపడటం. రవ్వ పుట్టడానికి సరిపోయే సెల్లులు, వాల్వ్‌ను పట్టి ఉంచడానికి చాలకపోవచ్చు. కాబట్టి ఇక్కడ కూడా ముందు కొత్త సెల్లులు వేసి చూడటమే తక్కువ ఖర్చు పని. మూడోది, గ్యాస్ ఒత్తిడి తగ్గి మంట చిన్నదై కడ్డీ దాకా రాకపోవడం. ఒకే రెగ్యులేటర్‌కు పొయ్యి, గీజర్ రెండూ తగిలించిన ఇళ్లలో, అటు టీ పెట్టగానే ఇటు గీజర్ ఆరిపోవడం ఇందుకే.

కడ్డీ శుభ్రం చేయాలంటే కవర్ ఊడదీయాలి. ఈ పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయడం మంచిది. సెల్లులు, జాలీ, సిలిండర్ మనం చూసుకున్నామని చెబితే అతని పని సగం తగ్గుతుంది. మనకూ అనవసరమైన బిల్లు పడదు.

కొన్ని నిమిషాలు వెలిగి ఆరిపోతే

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. చాలా గీజర్లలో 20 నిమిషాలకు తనంతట తానే ఆగిపోయే టైమర్ ఉంటుంది. అది లోపం కాదు. నీళ్లు తక్కువగా పారి మరీ వేడెక్కితే ఓవర్‌హీట్ సెన్సర్ ఆపేస్తుంది. రాగి పైపులో చెక్కు పేరుకుంటే ఇలా తరచూ జరుగుతుంది. సిలిండర్ అడుగంటే దశలో ఉన్నా మంట క్రమంగా నీరసించి ఆరిపోతుంది. లోపలి ద్రవం గ్యాస్‌గా మారేకొద్దీ సిలిండర్ చల్లబడుతుంది, చలికాలంలో ఇది ఎక్కువ.

ఇవేవీ కాకుండా, తలుపు వేసుకుని స్నానం చేస్తున్నప్పుడు మాత్రమే ఆరిపోయి, తలుపు తీసి ఉంచితే బాగా పనిచేస్తోందంటే, గదిలో గాలి చాలడం లేదని అనుమానించాలి. కొన్ని మోడళ్లలో ఆక్సిజన్ తగ్గితే గ్యాస్ ఆపేసే ఏర్పాటు ఉంటుంది. అలా ఆరినప్పుడు మళ్లీ వెలిగించే ప్రయత్నం చేయకూడదు. ముందు తలుపు తీసి బయటికి రావాలి. మంట నీలం నుంచి పసుపు రంగుకు మారినా, గీజర్ పైన గోడకు మసి పట్టినా అదే హెచ్చరిక.

'డైరెక్ట్ చేసేద్దాం' అంటే ఒప్పుకోవద్దు

మాటిమాటికీ ఆగిపోతోందని చెబితే కొందరు 'సెన్సర్ తీసేసి డైరెక్ట్ చేస్తా' అంటుంటారు. రెండు వైర్లు కలిపేస్తారు, గీజర్ ఆగకుండా నడుస్తుంది, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. కానీ ఆ వైర్ల మధ్య ఉన్నది కాపలాదారు. దొంగ వచ్చినప్పుడల్లా కుక్క మొరుగుతోందని కుక్కను వదిలించుకున్నట్టే అవుతుంది. సెన్సర్ పాడైతే అదే రకం కొత్తది వేయించాలి. దొరకకపోతే దొరికేదాకా గీజర్ వాడకం ఆపాలి.

బాత్‌రూమ్‌లో గాలి లెక్క

ఇది కాస్త లెక్క వేసి చూస్తే బాగా అర్థమవుతుంది. నిమిషానికి 6 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడి చేయాలంటే గీజర్ సుమారు 12 కిలోవాట్ల మంటతో మండాలి. వంటింటి పొయ్యి ఒక బర్నర్ సుమారు 2 కిలోవాట్లు. అంటే బాత్‌రూమ్‌లో ఆరు పొయ్యిలు ఒకేసారి మండుతున్నట్టు. ఆ లెక్కన గంటకు ఇంచుమించు 900 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. అది పూర్తిగా కాలడానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి.

5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న బాత్‌రూమ్‌లో ఉండే గాలి 7 ఘనపు మీటర్లకన్నా తక్కువ. తలుపు, కిటికీ మూసి ఉంటే అరగంటలో గది మొత్తం గాలిని గీజర్ ఒక్కటే వాడేసుకోగలదు. అంతదాకా పోనక్కర్లేదు. ఆక్సిజన్ కొద్దిగా తగ్గినా మంట సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే ముక్కుకు తెలుస్తుంది, ఎందుకంటే ఎల్‌పీజీలో వాసన కోసం ప్రత్యేకంగా మెర్‌కాప్టాన్ కలుపుతారు. మంట సరిగ్గా కాలక వచ్చే విషవాయువుకు అలాంటి హెచ్చరిక ఏదీ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో పోలిస్తే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ పోవడం వరుసగా వస్తాయి. తలుపు గడియ తీయాలని తెలిసినా చెయ్యి లేవదు. అలసట అనుకుని కూర్చుండిపోయే వాళ్లూ ఉంటారు. పిల్లలకు, గర్భిణులకు ప్రమాదం మరీ ఎక్కువ.

ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసే రోజుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. జుమా రోజు, ఈద్ పొద్దున ఇల్లంతా వరుసగా గుసుల్‌కు వెళతారు. మొదటి ఇద్దరికీ ఏమీ కాదు, నాలుగో మనిషి వెళ్లేసరికి గదిలో గాలి చెడిపోయి ఉంటుంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ చలికాలంలోకి వస్తోంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర మరోసారి రంజాన్ మొదలవుతుంది. సహరీ వేళ, చలికి కిటికీలన్నీ మూసుకున్న ఇళ్లలో వేడినీళ్ల వాడకం పెరిగే రోజులవి.

పైలట్ మంట ఉన్న హీటర్లు

పాత రకం గీజర్లలోనూ, అమెరికా వంటి చోట్ల పాత అద్దె ఇళ్లలో కనిపించే గోడ హీటర్లలోనూ ఎప్పుడూ వెలిగే చిన్న మంట ఉంటుంది. దాన్ని పైలట్ అంటారు. చదువుకోవడానికో, ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు 'నాబ్ వదలగానే పైలట్ ఆరిపోతోంది' అని ఇంటికి ఫోన్ చేస్తే సంగతి ఇదీ.

ఆ మంటలో థర్మోకపుల్ అనే కడ్డీ ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒకచోట వేడి చేస్తే కరెంటు పుడుతుందని 1821లో థామస్ సీబెక్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. ఇది ఆ సూత్రం మీదే పనిచేస్తుంది. పుట్టే కరెంటు 20 నుంచి 30 మిల్లీవోల్టులే. అంటే ఒక టార్చి సెల్లులో యాభయ్యో వంతు. ఆ కాస్త కరెంటే గ్యాస్ వాల్వ్‌ను పట్టి ఉంచుతుంది. కడ్డీ వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి, పైలట్ వెలిగాక నాబ్‌ను అరనిమిషం నుంచి నిమిషం పాటు నొక్కి పట్టుకోవాలి. అప్పటికీ వదలగానే ఆరిపోతే థర్మోకపుల్ మసి పట్టి ఉండాలి, వదులై ఉండాలి, లేదా పాతబడి ఉండాలి. పైలట్ రంధ్రంలో దుమ్ము, సాలెగూడు చేరి మంట చిన్నదైనా ఇదే జరుగుతుంది. మళ్లీ ప్రయత్నించే ముందు కనీసం ఐదు నిమిషాలు ఆగి గ్యాస్ పోనివ్వాలి. అద్దె ఇల్లయితే తాము విప్పకుండా ఓనర్‌కు చెప్పి, లైసెన్స్ ఉన్న మనిషితో బాగు చేయించుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం గదిలో ఉందో లేదో ఆ రోజే చూసుకోవాలి.

ఇంట్లో పెట్టుకోవాల్సిన పద్ధతులు

గీజర్‌కు అన్నిటికన్నా మంచి చోటు బాత్‌రూమ్ బయట. బాల్కనీలోనో, గాలి ఆడే బయటి గోడకో బిగించి, వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తీసుకోవాలి. ఇప్పటికే లోపల ఉంటే, ప్లంబరు చేత బయటికి మార్పించే ఖర్చు ఒక్కసారిదే.

మార్చేదాకా ఒక సులువైన పద్ధతి ఉంది. తలుపు, కిటికీ తీసి ఉంచి రెండు బకెట్లు నింపుకోవాలి. గీజర్ కట్టేయాలి. కాసేపు గాలి ఆడనిచ్చి, ఆ తర్వాతే తలుపు వేసుకుని స్నానం చేయాలి. పర్దాకూ ఇబ్బంది ఉండదు, ప్రాణానికీ ఇబ్బంది ఉండదు. మంట మండుతుండగా తలుపు గడియ వేసుకోకూడదన్నది ఇంట్లో పిల్లలకు కూడా తెలిసిన నియమం కావాలి.

వెంటిలేటర్‌ను చలి అని అట్టముక్కతో మూయకూడదు. పైన ఒక రంధ్రం, తలుపు కింద ఒక సందు ఉంటే గాలి తిరుగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ప్రయోజనం లేదు. రబ్బరు ట్యూబును ఐదేళ్లకు ఒకసారి మార్చాలి, పగుళ్లు కనబడితే ఇంకా ముందే. కొత్తగా కొనేవాళ్లు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15558 అనే నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

గ్యాస్ వాసన వస్తే కరెంటు స్విచ్‌లు వేయకూడదు, ఆపకూడదు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, నేల దగ్గరే పరుచుకుంటుంది. తలుపులు, కిటికీలు తీసి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. ఇది గ్యాస్ లీకేజీల కోసం 24 గంటలు పనిచేసే నంబరు.

స్నానానికి వెళ్లినవాళ్లు పిలిస్తే పలకకపోతే ఆలోచించకుండా తలుపు తెరవాలి, అవసరమైతే పగలగొట్టాలి. ఊపిరి బిగపట్టి లోపలికి వెళ్లి, మనిషిని వెంటనే బయటి గాలికి తేవాలి. గ్యాస్ కట్టేయాలి. 108కు ఫోన్ చేసి 'గ్యాస్ గీజర్ నడుస్తున్న బాత్‌రూమ్‌లో పడిపోయారు' అని స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క మాటతో ఆక్సిజన్ అవసరమని డాక్టర్లకు ముందే తెలుస్తుంది. మనిషి తేరుకుని 'నాకేం కాలేదు' అన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

కొత్త సెల్లులు, కడిగిన జాలీ, నిండు సిలిండర్. ఇవి మూడూ సరిగ్గా ఉండి కూడా గీజర్ ఆరిపోతోందంటే, తర్వాత చూడాల్సింది గీజర్‌ను కాదు, బాత్‌రూమ్ వెంటిలేటర్‌ను.